ఏడాది ఆలస్యమైన జాకెట్టు

సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు గంగామణి షట్టరు ఎత్తేసరికి టైలరు షాపులో నలభై వేల మంది కూర్చుని ఉన్నారు. షాపు ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడుగు. వెడల్పు ఎప్పటిలాగే ఉంది. పొడుగు మాత్రం జనం పెరిగినకొద్దీ పెరిగి, వెనక గోడ ఊరి చివరి రైసుమిల్లు కూడా దాటిపోయింది. గోడకు ఆనించిన కుట్టుమిషను గోడతోపాటే వెళ్లింది. షట్టరు నుంచి మిషను దాకా నడవడానికి ఇప్పుడు ముప్పావు గంట పడుతుంది.

గంగామణి చెప్పులు చేత్తో పట్టుకుని, వాళ్ల మోకాళ్లు దాటుకుంటూ నడుస్తుంది.

"జరుగుండ్రి. జెర కాళ్లు ముడుసుకోండ్రి."

ఎవరూ జరగరు. ఒక్కొక్కరికీ కుడిచేతి బొటనవేలు మాత్రం కదులుతుంది, మిగతా ఒళ్లంతా నిమ్మళంగా ఉంటుంది. ఆమె దాటిపోతుంటే వాళ్లు మూడే మాటలు అంటారు. సూపర్ అక్కా. ధర ఎంత అక్కా. షాపు ఎక్కడ అక్కా. షాపులో కూర్చుని షాపు ఎక్కడ అని అడిగేవాళ్లకు ఏమని చెప్పాలి? మొదట్లో, మెట్‌పల్లి బస్టాండు వెనక సందు అని ఓపిగ్గా చెప్పేది. విన్నవాళ్లు కూర్చున్నచోటు నుంచి కదలకుండా మళ్లీ అదే అడిగేవాళ్లు. నిజంగా జాకెట్టు కుట్టించుకోవాలని వచ్చే ఆడవాళ్లేమో షట్టరు దగ్గర తొంగిచూసి, లోపల జాగా లేదని వెనక్కి వెళ్లిపోతున్నారు.

ఇంతమందిని పిలిచింది ఎవరో కాదు, గంగామణే. రెండేళ్ల కిందట ఫోనును స్టాండుకు బిగించి, జాకెట్టు ఎలా కత్తిరించాలో చెబుతూ వీడియోలు పెట్టింది. బుట్ట చేతులు, పడవ మెడ, వీపు మీద తాళ్లు. పిలవడం తేలిక. లేపి పంపడమే ఎవరూ నేర్పలేదు.

ఈ రోజు మాత్రం ఆమెకు వీళ్లతో పని లేదు. ఈ రోజు అక్క వస్తోంది.

అక్క రాజమణి చనిపోయి నేటికి సరిగ్గా ఏడాది. ఏడాది మాసికం అంటే పోయినవాళ్లకు కొత్తబట్టలు పెట్టే రోజు. పెట్టేదాకా ఆగే ఓపిక లేక అక్కే వస్తానంది. పోయినవాళ్లు ఫోన్లు చేయరు కాబట్టి జగిత్యాల బస్సు డ్రైవరుతో కబురు పంపింది. డ్రైవరు సందు మొదట్లో బస్సు ఆపి, హారను కొట్టి మరీ చెప్పాడు.

"మీ అక్క నాలుగు గంటల బస్సుకు వస్తదట. జాకెట్టు తయారుంచమన్నది. ఈసారి రేపంటే ఊకోనన్నది."

ఆ రేపు సంగతి చెప్పాలి. దర్జీ పనిలో అన్నిటికంటే ముందు నేర్చుకునేది కత్తెర పట్టడం కాదు, రేపు అనడం. గిరాకీని కోప్పడనివ్వకుండా, ఆశ చంపకుండా గుమ్మం నుంచి వెనక్కి పంపే మాట అదొక్కటే. గంగామణి ఊరందరికీ రేపనే చెబుతుంది. అక్కకూ అదే చెప్పింది. రాజమణి చిలకపచ్చ గుడ్డ తెచ్చి, కొలతకు తన ఆది జాకెట్టు ఇచ్చింది. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టును ఆది అంటారు. దాన్ని బల్ల మీద పరిచి, దాని ప్రకారమే కొత్తది గీసుకుంటారు. టేపు అబద్ధమాడుతుంది గానీ ఆది ఆడదు అని గంగామణికి నేర్పింది కూడా రాజమణే. బీడీలు చుట్టి చెల్లెలికి మిషను కొనిపెట్టిన మనిషి ఆమె.

గురువారం వచ్చి అడిగింది. రేపు రా అక్కా అంది గంగామణి. ఆదివారం వచ్చింది. రేపు. బుధవారం వచ్చేసరికి గంగామణి 'పది నిమిషాల్లో పది రకాల చేతులు' అనే వీడియో తీస్తోంది. తల కూడా ఎత్తకుండా చేత్తోనే రేపని సైగ చేసింది. మర్నాడు అక్కకు జ్వరం వచ్చింది. మూడు రోజుల జ్వరం, అంతే.

ఊరందరికీ జాకెట్లు కుట్టే గంగామణి, తోడబుట్టిన అక్కను దుకాణంలో కొన్న రెడీమేడ్ జాకెట్టులో సాగనంపింది. అది వదులైతే వీపు మీద రెండు పిన్నీసులు పెట్టాల్సి వచ్చింది. పెట్టింది గంగామణే. అదే వారం చేతుల వీడియోకు పదకొండు వేల మంది కొత్తగా వచ్చి కూర్చున్నారు. సిగ్గులేని జనం అని ఆమె వాళ్లను ఎన్నిసార్లు తిట్టుకుందో, తనను తాను అంతకు రెట్టింపు తిట్టుకుంది.

మిషను దగ్గరికి చేరేసరికి పదవుతుంది. చిలకపచ్చ గుడ్డ బల్ల మీద ఉంది. అక్క ఆది గోడ మేకుకు వేలాడుతోంది. ఆరు గంటల టైముంది, చేతిలో పని రెండు గంటలదే. గంగామణి టేపు మెడలో వేసుకుంటుంది.

పదకొండింటికి చక్రపాణి వస్తాడు. మొన్నటిదాకా ఇళ్లకు వాస్తు చెప్పేవాడు. గోడలు కదలడం మొదలయ్యాక, ఫోనులో జనాన్ని కదలకుండా కూర్చోబెట్టే ఎంగేజ్‌మెంటు చెబుతున్నాడు. పాత ఉంగరాలే, పాత టేపే. రోజూ షాపు పొడుగు కొలిచి సంతోషిస్తాడు. ఏ ఘడియలో పోస్టు పెట్టాలో, మొహం ఏ దిక్కుకు తిప్పాలో, ఎన్ని క్షణాల్లోపు నవ్వాలో చెబుతాడు. జనం కోసమే బతుకుతున్నానని చెప్పే ఈ మనిషి వాళ్ల తలల మీద నుంచే నడిచి వస్తాడు.

"ఇయ్యాల పోస్టు పడలేదేంది చెల్లె?"

"ఇయ్యాల మా అక్క జాకెట్టు కుట్టాలె. నాలుగు గంటలకు వస్తది."

"సచ్చిపోయిన అక్కనా?"

"ఆఁ."

చక్రపాణి కళ్లు తడుస్తాయి. ఆయనకు కళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు తడుస్తాయి. "గదే లైవ్ పెట్టు" అంటాడు.

"మా అక్క ముచ్చట నీకెందుకు?"

"నాకెందుకు? వాళ్లకు గావాలె. వారం సంది నువ్వు వాళ్లకేం సూపెట్టినవు? హుక్కులు, కాజాలు. కాజా సూసుకుంట ఎవడు కూసుంటడు? కోరుట్లల ఒకాయన మిక్సీల గురించి చెప్తుండె. పది రోజులు పోస్టు పెట్టలే. జనం లేసిపోయిండ్రు, రూము దగ్గరికొచ్చింది. ఇప్పుడు రెండు గోడల నడుమ నిలవడ్డడు. అన్నం పైకెళ్లి దించుతున్నరు."

గంగామణి ఫోనును స్టాండుకు బిగిస్తుంది. ఎవరూ ఆమె చెయ్యి పట్టుకుని బిగించలేదు. గోడల భయం కొంత ఉన్నమాట నిజం. సూపర్ అక్కా అనే మాటకు చెవి రుచి మరిగిందన్నదీ నిజమే.

ముందుగా మెడకు ఓటింగ్ పెడతాడు చక్రపాణి. వీపు మీద ఎన్ని అంగుళాలు దించాలి? నలభై వేల బొటనవేళ్లు లేస్తాయి. ఎనిమిది అంగుళాలు గెలుస్తుంది.

"మా అక్క వీపు కనవడనియ్యది."

"ఓట్లల్ల గెలిసింది చెల్లె. గెలిసినంక మీ అక్క ఏమంటది?"

కత్తెర ఆమె వేళ్లు చెప్పినట్టు వినదు. ఎనిమిది అంగుళాల దాకా కోసి, అక్కడ నోరు మూసుకుంటుంది. గంగామణి తెగిన గుడ్డ వంక చూస్తుంది. సరే, లోపలి నుంచి ముక్క వేసి దిద్దవచ్చు, ఆది ఉంది కదా అనుకుంటుంది. అలా అనుకుంటూనే ఫోనులో కామెంట్లు చదువుతుంది.

జనం నాలుగో మాట నేర్చుకున్నారు. అక్క ఆది చూపించు అక్కా.

ఆమె చదవడం ఆపి తల ఎత్తేలోపే చక్రపాణి మేకు మీది ఆదిని తీసి ముందువరుసకు ఇచ్చేశాడు. ముందువరుస రెండో వరుసకు ఇచ్చింది. గంగామణి లేచి పరుగెత్తుతుంది గానీ మోకాళ్లకు తట్టుకుని పడిపోతుంది. ఆది చేతులు మారుతూ షట్టరు వైపు వెళ్లిపోతుంది. ఒకడు చెయ్యి దూర్చి చూస్తాడు. ఒకావిడ తొడుక్కుని అటూ ఇటూ తిరుగుతుంది. ఇంకొకడు పట్టి లాగి గుడ్డ గట్టిదేనని మెచ్చుకుంటాడు. ఎవరి మొహంలోనూ చెడ్డతనం లేదు. అదే ఆమె ఒళ్లు మండిస్తుంది.

ఆది తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. చేతులు మోకాళ్ల దాకా సాగాయి. నడుము నలుగురు పట్టేంత అయింది. మెడ చంటిపిల్లదంత ఉంది. నలభై వేల మంది కొలత దాని మీద పడింది, అక్క కొలత ఒక్కటి లేదు. చంకలో గోధుమరంగు చెమట మరక ఉండేది. గంగామణి ఏడాదిగా షట్టరు దించాక రోజూ ఆ మరకకు ముక్కు ఆనించి, తర్వాతే ఇంటికి వెళ్లేది. అది లేదు. సబ్బు వాసన వస్తోంది. ఎవరో మంచిమనసుతో ఉతికి ఇచ్చారు.

"ఎవలు? ఎవలు ఉతికింది?"

సూపర్ అక్కా.

"మీ నోట్లె మన్నువడ! మా అక్క చెమట మీకేం అడ్డమొచ్చిందే? మీ ఇండ్లల్ల ఎవలు సావరా? సచ్చినోళ్ల బట్టలు గిట్లనే ఊరు మీదికి తోలుతరా? సోయి లేని పీనుగులు, తిన్నది అరగక వచ్చి నా దుకాణంల కూసున్నరు. లేవుండ్రి! లేసి బయటికి పోండ్రి!"

జీవితంలో ఆమె ఇంత గట్టిగా అరవలేదు. కడుపు అడుగు నుంచి, ఏడాదిగా నిల్వ ఉన్నదంతా వచ్చింది. నలభై వేల బొటనవేళ్లు ఒక్కసారిగా లేస్తాయి. మళ్లీ తిట్టు అక్కా, అంటారు. షట్టరు దగ్గర తోపులాట మొదలవుతుంది. గోడ కదులుతుంది. మిషను, స్టూలు, గంగామణి గోడతోపాటు వెనక్కి జరిగిపోతారు.

ఆమె ఇంకా తిడుతుంది. తిట్టినకొద్దీ వస్తారు. కత్తెర తీసి విసిరితే ఒకాయన ఒడుపుగా పట్టుకుని, ధర ఎంత అక్కా అని అడిగి, తిరిగి బల్ల మీద పెడతాడు. చక్రపాణి టేపు పట్టుకుని పరుగులు పెడుతున్నాడు. "తిట్టు చెల్లె, తిట్టు! లక్ష దాటింది! నీకు కోపం గింత మంచిగొస్తదని ముందే చెప్పొద్దా?"

మూడు గంటలకు రెండు లక్షలు. వెనక గోడ కోరుట్ల దాటింది. గంగామణి గొంతు బొంగురుపోతుంది. ఆమెకు సొంతానికి మిగిలింది ఆ కోపం ఒక్కటే, దాన్ని కూడా వాళ్లు చప్పరించి మళ్లీ పెట్టమంటున్నారు.

నాలుగింటికి బస్సు వచ్చింది. మెట్‌పల్లి బస్టాండులో దిగి, సందులోకి నడిచి, షట్టరు కిందికి వంగి లోపలికి వచ్చిన మనిషి అక్కేనని, షట్టరు దగ్గర ఎవరో తీస్తున్న వీడియోలో కనిపిస్తుంది. కంటికి అందేదూరం కాదది. రాజమణి వీపు కనపడకుండా కొంగు నిండుగా కప్పుకుంది. మోకాళ్లు దాటుతూ, అచ్చం పొద్దున చెల్లెలు నడిచినట్టే నడుస్తోంది.

జనమంతా ఆమె వైపు తిరుగుతారు. చనిపోయిన మనిషి నడుస్తుంటే చూడకుండా ఎవరుంటారు? ఆమె ఒక అడుగు వేస్తే, చూడడానికి మరో వరుస వచ్చి చేరుతుంది. షాపు ఒక అడుగు పొడుగవుతుంది. రాజమణి అరగంట నడుస్తుంది. చెల్లెలు ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో ఉంటుంది.

"ఇప్పుడు ఏడువు చెల్లె" అంటాడు చక్రపాణి. "ఇప్పుడు ఏడిస్తే మూడు లక్షలు."

గంగామణి అతన్ని కొట్టడానికి చెయ్యి ఎత్తుతుంది. ఎత్తిన చేతికే బొటనవేళ్లు లేస్తాయి. గోడ జరుగుతుంది. ఆమె చెయ్యి దించుతుంది. కొడితే పెరుగుతారు, ఏడిస్తే పెరుగుతారు, దండం పెట్టి వెళ్లిపొమ్మన్నా పెరుగుతారు.

ఆమె స్టూలు తిప్పి, గోడకు మొహం పెట్టి, ఫోనుకు వీపు పెట్టి కూర్చుంటుంది.

ఆది పోయింది. కొలత ఎక్కడి నుంచి తేవాలి? రెండు చేతులూ చాచి ఖాళీ గాలిని కౌగిలించుకుంటుంది. నాలుగేళ్ల వయసులో అంగన్‌వాడీకి రోజూ అక్క వీపెక్కి వెళ్లిన చేతులవి. ఈ భుజం నుంచి ఆ భుజానికి ఎంతో వాటికి తెలుసు. కానీ అది పదేళ్ల పిల్ల వీపు. దానికి ముప్పై ఏళ్లు వంగి బీడీలు చుట్టిన గూని కలపాలి. కుడిభుజం ఎడమదానికంటే వేలెడు కిందికి ఉండాలి. గంగామణి కళ్లు మూసుకుని కలుపుతుంది. ఈ లెక్క ఎవరికీ చెప్పదు.

గుడ్డ గీసి కత్తిరిస్తుంది. ఎనిమిది అంగుళాల మెడకు లోపలి నుంచి ముక్క వేస్తుంది. మిషను మీద అతుకులు కలుపుతుంది. తర్వాత మిషను వదిలి చేతిసూది తీసుకుంటుంది. అంచు మడిచి, ఒక్కో పోగే పట్టుకుంటూ హెమ్మింగు చేస్తుంది. హుక్కులు పట్టే కాజాలు కుట్టడానికి గంట పడుతుంది. నోటికి వచ్చిన ప్రతి తిట్టునూ దారంతోపాటు పళ్ల మధ్య బిగించి పట్టుకుంటుంది. కుట్టు మాత్రం ఎక్కడా వంకర పోదు.

మాట్లాడు అక్కా. సౌండ్ వస్తలేదు అక్కా. నెట్ పోయిందా?

మొదట కొత్తగా వచ్చినవాళ్లు లేస్తారు. లేచేటప్పుడు చెప్పి వెళ్లేవాడు ఒక్కడూ లేడు. బొటనవేలు ఒకసారి పైకి జరుపుతారు, అక్కడ వాళ్లుండరు. వరుసలు ఊడిపోతాయి, గోడ ముందుకు జరుగుతుంది. రెండో కాజాకు కోరుట్ల ఇవతలికి వచ్చేస్తుంది. మూడో కాజాకు రైసుమిల్లు కనిపిస్తుంది.

"చెల్లె, రూము దగ్గరికొస్తున్నది. మిక్సీలాయన లెక్కయితవు" అంటాడు చక్రపాణి. టేపు పరుస్తాడు, పరిచిందే చుడతాడు. ఆమె నాలుగో కాజాకు దారం ఎక్కిస్తుంది. కాసేపటికి ఆయన మొహం వాచినట్టవుతుంది. పక్క సందులో ఒకావిడ అత్తను కెమెరా ముందు తిడుతోందని, నాలుగు వేల మంది అప్పుడే చేరారని ఎవరో అంటే ఉంగరాలు సవరించుకుని అటు వెళ్లిపోతాడు.

షాపు పదడుగులకు వస్తుంది. వెనక అడుగుల చప్పుడు ఆగుతుంది.

"ఏడాది పడ్తదానే జాకెట్టుకు?"

గంగామణి తల తిప్పదు. "పని ఎక్కువుండె అక్కా."

"పనా? ఊరికి పది రకాల చేతులు కుట్టినవు. నాయి రెండే చేతులు."

గంగామణికి ఏడుపు రాదు, కోపమే వస్తుంది. ఈసారి అక్క మీదే.

"నువ్వెందుకు ఊకున్నవే? మూడుసార్లు వచ్చి మూడుసార్లు నవ్వుకుంట పోతివి. ఒక్కసారన్న నిలవడి తిట్టరాదా? నా ముందల కూసొని కుట్టించుకోరాదా?"

"తిట్టినోళ్ల బట్టలే ముందు కుడ్తవని నాకేం ఎర్క?" అంటుంది రాజమణి. ఆమె కూడా కోపంగానే ఉంది. "నా చెల్లెకు నేను తిట్టి చెప్పాల్నా?"

గంగామణి ఆఖరి హుక్కు పెట్టి దారం లాగుతుంది. జనం అంతా పోయినా గోడలు ఆగలేదు. షాపు ఎనిమిది అడుగులైంది, నాలుగైంది. ముడి వేయబోతే గోడ వచ్చి గుడ్డను తాకుతుంది, గోడ కూడా కుట్టులో పడిపోతుంది. విప్పడానికి లేదు, ఇంకో రోజు పడుతుంది. ఇంకో రోజు అని గంగామణి ఇక అనదు. గోడను కూడా కలిపి ముడి వేసి, దారం పంటితో కొరుకుతుంది.

"జరుగు, తొడుక్కుంట" అంటుంది రాజమణి.

షాపే జాకెట్టయినట్టు ఆమె కుడిగోడలోకి ఒక చెయ్యి, ఎడమగోడలోకి ఒక చెయ్యి దూరుస్తుంది. భుజాల మీదికి లాక్కుంటుంది. షట్టరు రెండు అంచులూ దగ్గరికి తెచ్చి, కిందినుంచి ఒక్కో హుక్కూ పెట్టుకుంటూ వస్తుంది. వీపు మీద గూని దగ్గర కూడా గుడ్డ మడత పడదు. కుడిభుజం సరిగ్గా కూర్చుంది. గంగామణి, స్టూలు, కాలిమిషను లోపలే, ఎడమవైపు ఉండిపోతారు.

లోపల చీకటిగా, వెచ్చగా ఉంటుందనుకుంది గంగామణి. వెచ్చగా లేదు. అక్క గుండెకు చెవి ఆనించి వింటుంది. ఏ చప్పుడూ లేదు, ఏడాదిగా ఇక్కడ ఏ చప్పుడూ లేదు. ఏం చేయాలో ఎవరూ చెప్పకుండానే ఆమె కాళ్లు మిషను మీదికి వెళ్తాయి. తొక్కుతుంది. టకటక మొదలవుతుంది. చుట్టూ ఉన్న చలి కొద్దిగా కదులుతుంది.

"ఎక్కడన్న పట్టేస్తుందానే?" లోపలినుంచి అడుగుతుంది.

"చంకల కాడ జెరంత. నువ్వు తొక్కు."

రాజమణి కొంగు తీసి నడుముకు దోపుతుంది. జాకెట్టు వీపు కనిపించేలా సందులో నడిచి బస్టాండుకు వస్తుంది. ఒక్కరు కూడా తల తిప్పి చూడరు. బస్సు మెట్టు ఎక్కుతుండగా గంగామణి అలవాటుకొద్దీ కాలు ఆపి, బయట జనం ఎంతమంది ఉన్నారో వినబోతుంది. మెట్టు మీద అక్క పెదాలు నల్లబడి, చెయ్యి కమ్మీ మీద నుంచి జారిపోతుంది. గంగామణి పళ్లు బిగించి మళ్లీ తొక్కుతుంది, ఇంతకు ముందుకంటే గట్టిగా తొక్కుతుంది. అక్క నిలదొక్కుకుని కిటికీ పక్కన కూర్చుంటుంది.

కండక్టరు వచ్చి ఎంతమంది అని అడుగుతాడు.

"ఒక్కదాన్నే" అంటుంది రాజమణి, ఇంకా కోపం తగ్గకుండానే.